కామెర్లు రాని మనిషి అప్పీలు

గెలిచిన కేసులన్నీ వకీళ్లవి, ఓడిన కేసులన్నీ గుమాస్తాలవి. వకీలు గుమాస్తాగా నేను నేర్చుకున్న ధర్మశాస్త్రం ఇదొక్కటే. తీర్పు అనుకూలంగా వస్తే అది వకీలుగారి వాదనా పటిమ, రాకపోతే గుమాస్తా అజాగ్రత్త. ఇప్పుడు చెప్పబోయే కేసులో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈమధ్య కొత్తగా నల్లకోటు వేసుకున్న ఒకాయన నన్ను పట్టుకుని, "మీరు పెద్దవారండీ, సివిల్ అప్పీళ్ల గురించి మీ అనుభవం నాలుగు ముక్కలు రాసిపెట్టండి, మాబోటి వాళ్లకు పనికొస్తుంది" అన్నాడు. నా దగ్గర నాలుగు ముక్కలు లేవు, ఒక్కటే ఉంది. అదీ నా పరువు తీసేది. రాస్తున్నాను, చదువుకోండి.

డెబ్భయ్యో దశకంలో తిరువూరులో గట్టి ప్రాక్టీసున్న వకీళ్లు ఐదుగురు. వాళ్లకు ఐదుగురు గుమాస్తాలం. వకీళ్లు కోర్టు హాల్లో ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవారు. మేం మాత్రం ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో ఒకే బల్ల చుట్టూ కూర్చునేవాళ్లం. వాది తరఫు గుమాస్తా, ప్రతివాది తరఫు గుమాస్తా ఒకే పళ్లెంలో ఇడ్లీలు పంచుకుంటుంటే బయట నిలబడ్డ కక్షిదారులు నోరు తెరుచుకుని చూసేవారు. నేను పనిచేసిన వకీలుగారికి సివిల్ లా కంఠతా వచ్చు, కోపం అంతకన్నా బాగా వచ్చు. ఇంగ్లీషులో డిక్టేషన్ చెబుతూ మధ్యమధ్య నన్ను తెలుగులో తిట్టేవారు. ఆ రెండూ కలిపి టైపు చేయకుండా ఉండటమే నా పనితనం.

ఆ రోజుల్లో వినగడప నుంచి ఒకామె మా ఆఫీసుకు వచ్చేది. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాడు. నాట్లకూ కలుపుకూ వెళ్లి బతికేది, ఆదివారం చర్చి మానేది కాదు. భర్త ఉండగా ఇద్దరూ కలిసి కట్టుకున్న రెండు గదుల పెంకుటిల్లే ఆమెకున్న ఆస్తి. ఆ ఇంటి స్థలం తన చేలోదేనని పక్క చేను ఆసామి దావా వేశాడు. కొలిచి రమ్మని కోర్టు ఒక కమిషనరును పంపింది. ఆయన పాత సర్వే రాయి జోలికి పోకుండా, ఆసామి ఆమధ్యే పాతించుకున్న కొత్త రాయి దగ్గర గొలుసు పెట్టి కొలిచాడు. అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పోతే ఆమె ఇల్లే కాదు, పక్కనున్న చర్చి కూడా ఆసామిదే అయి ఉండేది. చర్చి జోలికి వెళ్లలేదు, అక్కడ మనుషులు ఎక్కువ. ఆ కొలత ప్రకారమే తీర్పు వచ్చింది. ఇల్లు ఖాళీ చేసి స్థలం అప్పగించాలని డిక్రీ.

తీర్పు విని ఆమె ఏడవలేదు. వకీలుగారి దగ్గరికొచ్చి, "ఈయనకి పైన ఇంకో పెద్దాయన ఉంటాడంటగా అయ్యగారూ. ఆయనకి చెప్పుకుంటాను" అంది.

"చెప్పుకోవడం కాదమ్మా, అప్పీలు వేయడం. బందరు జిల్లా కోర్టులో" అన్నారాయన.

ఆమె మాత్రం బందరు వెళ్లి ఆ పెద్దాయన ఎదుట నిలబడి మొదట్నుంచీ కథంతా చెప్పొచ్చుననే అనుకుంది. ఆమే కాదు, అప్పీలుకెళ్లే ప్రతివాడూ అలాగే అనుకుంటాడు. కిందటిసారి చెప్పడం మర్చిపోయిన సాక్షులను కూడా బస్సెక్కించడానికి సిద్ధపడతాడు. అప్పీల్లో సాక్షులుండరు, బోను ఉండదు. కింది కోర్టులో దాఖలైన కాగితాల కట్ట పైకి వెళుతుంది. పై జడ్జి ఆ కట్ట విప్పి, కింది తీర్పులో తప్పుందా లేదా అని చూస్తాడు. అంతే. ఇదంతా నేనే విడమరచి చెప్పాను.

"నన్ను చూడకండా, నా ఇల్లు చూడకండా ఆయనకెట్టా తెలుస్తదండీ?" అంది.

మంచి ప్రశ్నే. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొత్తం వెతికినా దానికి జవాబు దొరకదు. కానీ ఆమె కేసులో ఇల్లు చూడనక్కర్లేదు. పాత రాయి ఎక్కడుందో గ్రామ పటంలో ఉంది, ఆ పటం కట్టలోనే ఉంది. "ఈ కట్ట ఎవరైనా విప్పితే చాలు, మనం గెలిచినట్టే" అన్నారు వకీలుగారు. కక్షిదారు ఎదుట గెలుస్తామని చెప్పే అలవాటు ఆయనకు లేదు. అందుకని నేనూ నమ్మాను.

కట్ట విప్పించాలంటే మొదట నకళ్లు కావాలి. తీర్పు వచ్చిన ముప్ఫై రోజుల్లో అప్పీలు వేయాలి. తీర్పు నకలు, డిక్రీ నకలు జతచేయాలి. నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తయారయ్యే రోజు దాకా పట్టే కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేస్తారు. ఇది చట్టం చూపించే దయ. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆ దయకు ఒక మెలిక ఉంది. దరఖాస్తు పెట్టిన కొన్నాళ్లకు, నకలుకు ఎన్ని స్టాంపు కాగితాలు కావాలో దరఖాస్తు నంబరు పక్కన రాసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. అందులో చెప్పిన రోజులోపల ఆ కాగితాలు దాఖలు చేయకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. మన ఇంటికి కబురు రాదు. బోర్డే కబురు.

ఆ బోర్డు చూడటానికి మేం ఐదుగురం ఒక ఏర్పాటు చేసుకున్నాం. వారానికొకరి వంతు. వంతు వచ్చినవాడు రోజూ మధ్యాహ్నం బోర్డు చూసి, మిగతా నలుగురికి సంబంధించిన కొత్త నంబర్లు సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకొచ్చి హోటల్లో చదవాలి. ఎదుటి పక్షం వాడి నంబరైనా దాచకూడదు. ఒక్కసారి కూడా ఎవరూ దాచలేదు. వకీళ్ల నీతికన్నా మా నీతి గట్టిదని మీసాలు మెలేసుకునేవాళ్లం. అట్ట మీద ఇతరుల నంబర్లే రాసేవాళ్లం. ఎవడిది వాడికి గుర్తుండదా ఏమిటి అని ధీమా. అక్కడే కన్నముందని ఐదు బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు.

ఆ వారం వంతు నాది. నా వంతు చివరి రోజున, వినగడప ఆమె తరఫున నేను పెట్టిన దరఖాస్తు నంబరు బోర్డు మీద చూశాను. చూడలేదని బొంకను, కళ్లారా చూశాను. మిగతా వాళ్లవి ఆరు నంబర్లు అట్ట మీద రాసుకుని హోటల్లో గట్టిగా చదివాను. అందులో ఒకటి ఆసామి తరఫు గుమాస్తాది, వేరే కేసులోది. అతను కాఫీ సగంలో వదిలేసి, పరుగెత్తి వెళ్లి స్టాంపులు దాఖలు చేసుకొచ్చాడు. నేను పెసరట్టు తిన్నాను. ఆ సాయంత్రం బస్సుకే మా మరదలి పెళ్లికని గంపలగూడెం వెళ్లాను. అక్కడ నాలుగు రోజులు 'కోర్టులో పనిచేసే అల్లుడు' అని నాకు జరిగిన మర్యాదలు ఇంతా అంతా కాదు. భోజనాల దగ్గర ఇద్దరు రైతులకు గట్టు తగాదాలో సలహా కూడా చెప్పాను, గడువులు జాగ్రత్తగా చూసుకోవాలని. తిరిగొచ్చేసరికి ఆ నంబరు నా తలలోంచి జారిపోయింది.

ఆమె వారం వారం వచ్చేది. గుమ్మం బయట నిలబడి, "కాయితాలొచ్చినయ్యా బాబుగారూ?" అని అడిగేది.

నకళ్లు మామూలుగా ఆలస్యమవుతాయి కాబట్టి, అవే ఆలస్యమవుతున్నాయనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, ఆమెను కసిరాను. "కోర్టు పనంటే ఏమనుకున్నావమ్మా? పొయ్యి మీద ఎసరా, పెట్టగానే కాగడానికి? రాసేవాళ్లకి నీదొక్కటే పనా?" అన్నాను.

"సరేనండి, కోప్పడమాకండి" అని వెళ్లిపోయేది. కూలి మానుకుని వచ్చేదని నాకు తెలుసు.

ఆరో వారం మాత్రం కదల్లేదు. "పోనీ ఒక్కసారి ఎల్లి అడిగి రండి బాబుగారూ. నేనిక్కడే కూచుంటా" అంది. విసుక్కుంటూ వెళ్లాను. నకళ్ల దగ్గరుండే ఉద్యోగి రిజిస్టరు తిప్పి, ఒక గీత మీద వేలు పెట్టి, "ఇదా? స్టాంపులు వెయ్యలేదుగా మీరు. కొట్టేసి నెల దాటిందండీ" అన్నాడు. అక్కడే నిలబడి కొత్త దరఖాస్తు రాసిచ్చాను. కానీ ముప్ఫై రోజులూ అప్పటికే అయిపోయాయి. అయిపోయిన గడువులోంచి తీసేయడానికి ఏముంటుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. తిరిగొచ్చి ఆమెతో, "ఇంకో రెండు వారాలు పడుతుందమ్మా" అని మాత్రం చెప్పాను.

వకీలుగారికి చెప్పక తప్పలేదు. ఆయన తిట్టిన తిట్లు రాస్తే ఇది అచ్చు వేసేవాడు దొరకడు. తిట్టడం పూర్తయ్యాక కళ్లజోడు తుడుచుకుని, శాంతంగా ఒకే మాట అన్నారు.

"కామెర్లు."

గడువు దాటిన అప్పీలుతో పాటు ఒక పిటిషన్ వేయాలి. తగిన కారణం వల్ల ఆలస్యమైంది, మన్నించండి అని ప్రమాణ పత్రంతో సహా అడగాలి. తగిన కారణం ఏమిటో చట్టం చెప్పదు, కాబట్టి మేం కామెర్లని తేల్చుకున్నాం. మా ప్రాంతం సివిల్ కక్షిదారులకు వచ్చినన్ని కామెర్లు ఏ ఆసుపత్రి రిజిస్టర్లోనూ ఉండవు. గడువుకు సరిగ్గా వారం ముందు వచ్చేవి, అప్పీలు తయారైన మర్నాడు తగ్గిపోయేవి. నాటు వైద్యం చేయించుకున్నానంటే డాక్టరు సర్టిఫికెట్టు కూడా అక్కర్లేదు. ఆకుపసరు మింగాను, పథ్యం చేశాను, మంచం దిగలేకపోయాను. పేరూ ఊరూ మార్చి టైపు చేయడమే నా పని.

నకళ్లు చేతికొచ్చాక ఆమెను పిలిపించి, రాసిందంతా వకీలుగారు తెలుగులో చదివి వినిపించారు. చర్చి బడిలో నేర్చుకున్న సంతకం ఆమెకు వచ్చు. కలం చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"నాకు కామెర్లు రాలేదుగా అయ్యగారూ."

"రాలేదమ్మా. వచ్చాయని రాసుకుంటాం, అంతే."

"దేవుని సాక్షిగా అని చదివారు."

"అది అందరి కాగితాల్లోనూ ఉండే మాటే."

"అయితే అందరూ ఇట్టాగే చెప్తన్నారాండీ?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ నెలంతా నేను వంగి నాట్లేశానండి. ఊరంతా చూశారు. మంచంలో ఉన్నానని ప్రమాణం చేసి, ఆదివారం చర్చిలో ఏ మొగం పెట్టుకుని నిలబడేది?"

వకీలుగారు బల్ల గుద్దారు. "ఇల్లు పోతుందమ్మా! అర్థమవుతోందా? ఇల్లు!"

"ఆలస్యం ఎందుకయిందో అదే రాయండి. మీ ఆఫీసులో అయిన ఆలస్యానికి నాకెందుకండీ కామెర్లు?"

వకీలుగారు నా వైపు చూశారు. నేను టైపు మిషన్ వైపు చూశాను. "ఆఫీసులో ఏదో చిన్న పొరపాటు జరిగిందమ్మా" అన్నారాయన చివరికి. ఎవరి పొరపాటో చెప్పలేదు. ఆమె అడగలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఆమె వెళ్లాక, "ఇక నువ్వే పెట్టు ప్రమాణ పత్రం" అన్నారు. నేనే ధైర్యంగా ముందుకొచ్చానని ఇక్కడ రాసుకోవచ్చు, కాదనేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కానీ ఆయన పెట్టమన్నారు, నేను పెట్టాను. నా తప్పును నేనే ఇంగ్లీషులో టైపు చేసుకున్నాను. చదివి చూసుకుంటే ఇంగ్లీషులో నా తప్పు ఎంతో గౌరవంగా కనిపించింది. ఎవరో పెద్దమనిషి చేసినట్టుగా ఉంది.

అప్పీలు వేసేశాం కాబట్టి ఇల్లు పదిలమని ఆమె అనుకుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు ఇది గుర్తుంచుకోండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ నిద్రపోదు. దాన్ని ఆపమని విడిగా అడిగి స్టే తెచ్చుకోవాలి. ఆలస్యం మన్నించాకే అప్పీలుకు నంబరు, నంబరు వచ్చాకే స్టే. ఈలోగా ఆసామి ఇక్కడ డిక్రీ అమలుకు పిటిషన్ పెట్టేశాడు. మా పిటిషన్‌కు జవాబుగా, గుమాస్తా చెప్పేదంతా కట్టుకథ అని కౌంటరు కూడా వేశాడు. ఆసామి తరఫు గుమాస్తా హోటల్లో నా పక్కన కూర్చుని, "నువ్వు రాసింది నిజమని నాకు తెలుసు బావా. అబద్ధమని నేనే టైపు చేశాను. ఏమనుకోకు" అన్నాడు. ఏమనుకుంటాను? అతని స్థానంలో నేనుంటే ఒక్క అక్షరం తప్పు లేకుండా అదే టైపు చేసేవాణ్ణి.

బందరులో వాయిదా నాడు వకీలుగారు, నేను, ఆమె తెల్లవారుజామునే బస్సెక్కి బెజవాడలో మారి వెళ్లాం. మాకంటే ముందు ఆలస్యం పిటిషన్లు మూడు పిలిచారు. మొదటిది కామెర్లు. మన్నించారు. రెండోది కామెర్లు. మన్నించారు. మూడోది టైఫాయిడ్, ఎవరో కాస్త కొత్తదనం కోసం తాపత్రయపడ్డారు. అదీ మన్నించారు. ఎదుటి వకీళ్లు అభ్యంతరమని పైపైన అని కూర్చున్నారు, రేపు వాళ్లకూ అవసరమే కాబట్టి. తర్వాత మాది.

ఆసామి తరఫు వకీలు లేచి, "మన కోర్టుల్లో కామెర్ల తర్వాత ఎక్కువగా కనిపించే జబ్బు గుమాస్తా మతిమరుపండీ" అన్నాడు. హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వకుండా, "ఆ గుమాస్తా వచ్చాడా?" అని తెలుగులో అడిగారు. లేచి నిలబడ్డాను.

"బోర్డు మీద నంబరు చూశావా?"

"చూశానండి."

"చూసి?"

"మర్చిపోయానండి."

"ఎందువల్ల?"

"పెళ్లికెళ్లానండి."

మళ్లీ నవ్వులు. జడ్జిగారు చాలాసేపు రాశారు. రాసింది ఇంగ్లీషులో చదివి, వెనక బెంచీలో ఆమె కూర్చుని ఉండటం చూసి తెలుగులో కూడా చెప్పారు. "ఇతను చెప్పింది పూర్తిగా నిజమేనని ఈ కోర్టు నమ్ముతోంది. ఆ నిజాన్ని బట్టే ఇది నిర్లక్ష్యం. నిర్లక్ష్యం తగిన కారణం కాదు. పిటిషన్ కొట్టివేస్తున్నాను."

ఆయనను నేను తప్పుపట్టను. ఆయన ఎదుట ఉన్న కాగితం ప్రకారం ఆయన సరిగ్గానే చెప్పారు. చట్టం జబ్బును మన్నిస్తుంది, బద్ధకాన్ని మన్నించదు. బద్ధకం జబ్బు పేరు పెట్టుకుని వస్తే మాత్రం ఆప్యాయంగా పలకరిస్తుంది. మా కాగితాల కట్ట తిరువూరు దాటి కదలనే లేదు. అందులోని పటాన్ని, ఆ పటంలోని పాత రాయిని ఏ పెద్దాయనా చూడలేదు.

బస్టాండులో వకీలుగారు పట్టుదలగా, "హైదరాబాదు వెళదాం. హైకోర్టు ఉంది. జిల్లా జడ్జే నమ్మానని రాశాడు కదా, అక్కడ కూడా నమ్ముతారు" అన్నారు.

"ఈయన నమ్మితే ఇల్లు పోయింది. ఇంకో ఆయన కూడా నమ్మితే నేనేమైపోవాలండీ?" అందామె.

వకీలుగారు బెజవాడ బస్సెక్కారు, వెనకే మేమూ ఎక్కాం.

ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు. తీసేస్తే బాగుండుననిపించిన రోజులున్నాయి. ఆ వచ్చే సోమవారమే రెడ్డిగూడెం నుంచి మామిడితోట తగాదా ఉన్న రైతు ఒకాయన వచ్చాడు. ఆయనకూ అప్పీలు గడువు దాటింది. వకీలుగారు నా వైపు చూడకుండానే "కామెర్లు" అన్నారు. కార్బన్ కాగితం పెట్టాను. వేళ్లు ఆగుతాయేమోనని చూశాను. ఆగలేదు. ఆ పిటిషన్ బందరులో ఐదు నిమిషాల్లో మంజూరైంది.

వినగడపలో స్థలం అప్పగింతకు కోర్టు అమీనా వెళ్లిన రోజు నేను కూడా వెళ్లాను. నాకక్కడ పని లేదు. వకీలుగారు పంపలేదు. వెళ్లకుండా ఉండలేకపోయాను, సిగ్గుతో సరిగా అన్నం తిని కూడా వారమైంది. నేను వెళ్లేసరికే ఆమె, నలుగురు ఇరుగుపొరుగు వాళ్లు కలిసి ఇంటి పెంకులు ఒక్కొక్కటీ దించి చర్చి గోడ పక్కన పేర్చుకుంటున్నారు. అమీనా వేపచెట్టు నీడలో కుర్చీ వేయించుకుని అప్పగింత రశీదు రాస్తున్నాడు. ఆసామి చుట్ట కాలుస్తూ కొత్త రాయి దగ్గర నిలబడ్డాడు. నేను చొక్కా చేతులు మడిచి పెంకులు మోయడం మొదలుపెట్టాను. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

ఐదారు విడతలు మోశాక ఆమె నా ఎదురుగా వచ్చి ఆగింది. నెత్తి మీద తట్ట ఉంది, ముఖం నిండా దుమ్ము.

"బందర్లో ఆ పెద్దాయనకి చెప్పారుగా బాబుగారూ, తప్పు మీదేనని."

"చెప్పానమ్మా."

"టైపు కొట్టి సంతకం కూడా పెట్టిచ్చారంటగా."

"ఇచ్చాను."

"నాకెప్పుడు చెప్తారండీ?"

చేతిలో పెంకులున్నాయి. "తప్పు నాదేనమ్మా. నీ నంబరు చూసి మర్చిపోయాను. నువ్వు అడగడానికొస్తే నిన్నే కసిరాను" అన్నాను.

ఆమె పూర్తిగా వింది. నా చేతుల్లోకి చూసి, "అయ్యి మెల్లిగా దించండి బాబుగారూ. మళ్లీ ఎక్కడో కప్పుకోవాలిగా" అని, తట్ట సర్దుకుని ముందుకు నడిచింది.